ఒకే సీసా, రెండు రుచులు

టీవీ తెరమీద ప్రణీత నవ్వుతోంది. ఆ నవ్వు నవ్విన మూడో రోజున ఆమె చనిపోయింది.

గిరిజ రిమోట్ నొక్కి బొమ్మను అక్కడే ఆపింది. పక్కన సోఫాలో ఇందిరాదేవి ఒళ్లో పళ్లెం పెట్టుకుని బీన్సుకు ఈనెలు తీస్తోంది. తెర వంక చూడటం లేదు. చనిపోయిన కోడలి వీడియో చూడాలంటే ఆవిడకు భయం. కానీ వచ్చిన మనిషిని పంపింది కోడలి అక్క కాబట్టి పొమ్మనలేకపోయింది. కొడుకు వినీత్ తన మందుల షాపుకు వెళ్లాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. గిరిజ కావాలనే ఆ వేళ చూసుకుని వచ్చింది.

గిరిజ ఒకప్పుడు హైదరాబాదులో ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేసింది. ఇప్పుడు న్యూజిలాండ్‌లోని జాన్సన్‌విల్‌లో, డెయిరీ అని ఇక్కడివాళ్లు పిలిచే ఒక చిల్లర కొట్టు మీది గదిలో ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఆక్లాండ్ దగ్గర పాపకూరలో ఉండే పద్మ కిందటి వారం ఆ గదికి వచ్చింది. తన చెల్లెలు ప్రణీత జబ్బుతో చనిపోలేదనీ, చంపారనీ చెప్పింది.

చేతిలో ఆధారం ఏమీ లేదు. పెరూ దేశంలోని ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో, ఎత్తైన చోట ఊపిరితిత్తుల్లో నీరు చేరి సహజంగా మరణించినట్టు రాసి ఉంది. శవాన్ని అక్కడే దహనం చేశారు. తిరిగి వచ్చింది అస్థికలే. న్యూజిలాండ్ పోలీసులు ఆ కాగితం చూసి, విచారం తెలిపి ఊరుకున్నారు.

పద్మకు తెలిసింది ఒక్కటే. ప్రయాణానికి ముందు చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. భర్త షాపులో శేషయ్య అనే ముసలాయనకు ఇంకొకరి మాత్రలు ఇచ్చారు. వాటివల్ల ఆయన పోయాడు. వినీత్ రాత్రికి రాత్రి సీసా మీది చీటీ మార్చేశాడు. కౌంటరులో కూర్చునే ప్రణీత అది కళ్లారా చూసింది. నువ్వే వెళ్లి ఒప్పుకో, లేకపోతే నేను చెప్పేస్తాను అని భర్తతో అంది. వినీత్ కోప్పడలేదు. కొన్నాళ్లు ఆగమన్నాడు. తరువాతి వారమే కుస్కో టికెట్లు కొని తెచ్చాడు.

కుస్కో పెరూలోని ఆండీస్ కొండల్లో, మేఘాలకు దగ్గరగా ఉన్న పాత రాజధాని. స్కూల్లో చదివేటప్పుడు పాఠ్యపుస్తకంలో ఆ రాతిగోడల బొమ్మ చూసిన దగ్గర్నుంచీ ప్రణీతకు ఆ ఊరి మీద పిచ్చి. భర్త తన మాటకు విలువిచ్చాడనీ, ఇది అందుకు కృతజ్ఞత అనీ ఆమె అనుకుంది. తిరిగి రాగానే ఇద్దరం కలిసి వెళ్లి నిజం చెప్పేస్తాం అక్కా అని పద్మతో సంతోషంగా చెప్పింది.

ముగ్గురు వెళ్లారు. తల్లీ కొడుకూ తిరిగి వచ్చారు.

సంతాపసభనాడు వినీత్ ఆ యాత్ర వీడియోను డీవీడీలుగా చేయించి, వచ్చినవాళ్లందరికీ ఒక్కొక్కటి పంచాడు. వెనక వేణువు సంగీతం కూడా పెట్టించాడు. ప్రణీత నీరసపడ్డ ముక్కలన్నీ కత్తిరించేశాడు. నవ్వుతున్నవే ఉంచాడు. అలా ఉంచిన ముక్కల్లో ఒకదాని దగ్గరే అతను పొరబడ్డాడని గిరిజకు కిందటి సాయంత్రం అర్థమైంది.

"ఆంటీ, ఈ ఒక్క ముక్క చూడండి చాలు," అంది.

ఇందిరాదేవి తలెత్తింది. గిరిజ వీడియోను కాస్త వెనక్కి జరిపి నడిపించింది.

ఊరి పైన గుట్ట మీది కోట అది. సక్సాయువామన్ అంటారు. ఏనుగంతేసి రాళ్లను సందు లేకుండా పేర్చిన గోడ ముందు టోపీ పెట్టుకున్న ఒకావిడ కూల్‌డ్రింకులు అమ్ముతోంది. ప్రణీత ఒక పసుపు రంగు సీసా తీసుకుని తాగి, ముక్కు పట్టుకుంది. అబ్బ, గ్యాస్ ముక్కులోంచి వచ్చేస్తోంది అత్తయ్యా అంటూ సీసా అందించింది. అదే సీసాను ఇందిరాదేవి ఎత్తి తాగింది. వెంటనే మొహం చిట్లించింది. ఇదేం డ్రింకే, గ్యాసంతా పోయింది, తుప్పుపట్టిన పైపులో నీళ్లలా ఉంది అంది. ప్రణీత నవ్వింది ఆ మాటకే. గిరిజ అక్కడ మళ్లీ ఆపింది.

"ఆ రోజు నిజంగానే అలా ఉందా, లేక సరదాకి అన్నారా?"

సరదా ఏం లేదమ్మాయ్ అని ఇందిరాదేవి చెప్పుకొచ్చింది. అక్కడున్నన్నాళ్లూ ఏ కూల్‌డ్రింకు తాగినా అదే చచ్చు రుచి. వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు చిమచిమలాడేవి. పైగా మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగు. పిసాక్ సంతకు వెళ్లిన రోజున వ్యాను ఆపించాల్సి వచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

మరి ప్రణీతకో అని గిరిజ అడిగింది. ప్రణీతకు అవేమీ లేవు. నిద్ర మాత్రం ముంచుకొచ్చేది. పన్నెండు మూలల రాయి ఉన్న సందులో అందరూ ఫోటోలు దిగుతుంటే, ఆమె గోడకు నుదురు ఆనించి నిలబడే నిద్రపోయింది. సూర్యుడి గుడి మెట్ల మీద కూర్చుని లేవలేకపోయింది.

"కొండల ఎత్తుకి ఒళ్లు తట్టుకోవడానికి మాత్రలు వేసుకున్నారు కదా. ఎవరిచ్చారు?"

"మా వాడే. నాకు ఆకుపచ్చ మూత డబ్బా, దానికి ఎర్ర మూత డబ్బా. రోజూ టిఫిన్ దగ్గర ఎదురుగా నిలబడి మింగించేవాడు. అంత శ్రద్ధ వాడికి."

ఎర్ర మూత డబ్బా ఏమైందని గిరిజ మామూలుగా అడిగినట్టు అడిగింది. ఇందిరాదేవి వంటింటి వైపు చెయ్యి చూపించింది. పొయ్యి పక్క అరలో ఉంది డబ్బా. అందులో లవంగాలున్నాయి. హోటల్ గది ఖాళీ చేసేటప్పుడు వినీత్ దాన్ని చెత్తబుట్టలో పడేశాడట. గట్టి డబ్బా, మూత బిగుతుగా పడుతుంది, పారేయడం ఎందుకని ఆవిడ తీసి సంచిలో వేసుకుంది. ఆ సంగతి కొడుకుతో చెప్పలేదు. ఇలాంటివి ఏరుకొస్తుందని విసుక్కుంటాడు.

"అందులో మాత్రలేమైనా మిగిలాయా ఆంటీ?"

"ఉన్నాయి కాసిని. మందులు పారేయడం నాకిష్టం ఉండదు. నా డబ్బాలో కలిపేశాను."

గిరిజ చేతికి తొడుగులు వేసుకుని తెల్లటి పింగాణీ పళ్లెం అడిగింది. ఆకుపచ్చ మూత తీసి మాత్రలన్నీ పళ్లెంలో పోసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. అన్నీ తెల్లనివే, గుండ్రనివే. భూతద్దం పెట్టి ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఎక్కువ వాటికి మధ్యలో గీత ఉంది, రెండో వైపు అక్షరాలున్నాయి. మూడింటికి మాత్రం గీతా లేదు, అక్షరాలూ లేవు. అంచులు కూడా కాస్త పలచన. చత్వారం ఉన్న కళ్లకు ఆ తేడా ఎప్పటికీ తెలియదు. ఆ మూడింటినీ పళ్లెం అంచుకు జరిపింది.

ఏమిటమ్మాయ్ అంది ఇందిరాదేవి. చెప్పకుండా ఉండటానికి వీల్లేదు. గిరిజ సోఫా దగ్గరికి వచ్చి, పళ్లెం బల్ల మీద పెట్టి, ఆవిడ పక్కన కూర్చుంది.

"మీరు మింగినవి ఎత్తుకి పనిచేసే మాత్రలే. వేళ్లు చిమచిమలాడటం, డ్రింకు చప్పబడటం వాటివల్లే. ప్రణీత మింగినవి అవి కావు. ఈ మూడూ నిద్రమాత్రలని నా అనుమానం. అసలే ఊపిరి అందని చోట రోజూ నిద్రమాత్ర ఇస్తే ఉన్న ఊపిరి కూడా తగ్గిపోతుంది, ఆంటీ."

ఇందిరాదేవి ఈనెలు తీసేసిన బీన్సునే మళ్లీ తీసుకుని ఈనెల కోసం వెతకసాగింది.

గిరిజ మిగిలింది కూడా చెప్పింది. కుస్కోలో వాళ్లను తిప్పిన గైడుతో దుభాషిని పెట్టుకుని ఫోన్లో మాట్లాడింది. అంత ఎత్తుకు వచ్చినవాళ్లను ముందు కింద లోయలోకి తీసుకెళ్లి, ఒళ్లు అలవాటు పడ్డాక పైకి తేవడం అక్కడ మామూలు. ట్రావెల్ ఏజెంటు వీళ్లకు వేసిన వరసా అదే. వినీత్ ఆ వరసను తిరగేయించాడు. ముందు ఎత్తైన చోట్లు చూస్తామన్నాడు. ఆమె మెట్లు ఎక్కలేకపోతున్నప్పుడు గైడు కిందికి దిగిపోదామన్నాడు. చూడాల్సినవి ఇంకా ఉన్నాయని వినీత్ అన్నాడు. ఆఖరి రోజున దారిలో లోయలో ఉన్న ఒయాంతాయ్‌తాంబో అనే ఊళ్లో కారు ఆగింది. అక్కడ ఆమెకు కాస్త ఊపిరి అందింది. ఇక్కడే ఉండిపోదాం అని భర్త చొక్కా పట్టుకుని అడిగింది. గైడుకు భాష తెలియదు, కానీ ఆ అడగడం అర్థమైంది. వినీత్ ఆమె చెయ్యి విడిపించి, కారును మబ్బుల పైనున్న కనుమ దాకా పోనిమ్మన్నాడు. అక్కడి నుంచి మంచుకొండ బాగా కనిపిస్తుందట. దిగేటప్పుడు వెనక సీట్లో ప్రణీత పోయింది.

ఇందిరాదేవి చేతిలోని బీన్సు వదిలేసింది. "ఆ రోజు నేను హోటల్లో ఉండిపోయాను. అది కూడా ఉంటానంది. సరే ఉండవే అన్నాను. వాడొచ్చి మోకాళ్ల మీద కూర్చుని దాని కాళ్లకి బూట్లు తొడిగాడు. లేసులు కూడా వాడే కట్టాడు." ఆవిడ పళ్లెంలోని ఈనెలను ఒక పక్కకు నెట్టింది. "ఎంత ప్రేమో అనుకున్నాను."

బయట కారు ఆగిన చప్పుడైంది. గిరిజ గభాలున లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. వినీత్ రావలసిన వేళ ఇంకా కాలేదు. అయినా కారులోంచి అతనే దిగుతున్నాడు. రెండో వైపు తలుపు తీసుకుని దిగిన భారీ మనిషిని చూసి ఆమె నోరు చేదెక్కింది.

కిషన్‌రావు హైదరాబాదులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆక్లాండ్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. గిరిజ సగం తేల్చిన కేసుల్లో అవతలి పక్షాన చేరి వాటిని చెడగొట్టడం అతనికి ఇదివరకే అలవాటు. పద్మ ఎవరినో పెట్టుకుందని తెలిసి, వినీత్ అతన్ని పిలిపించుకున్నాడన్నమాట.

"ఏందమ్మా గిరిజా," అన్నాడు కిషన్‌రావు లోపలికి వస్తూనే. "కొడుకు ఇంట్ల లేనప్పుడు ముసలామెను కూసోబెట్టి ఎంక్వైరీ చేస్తున్నవా?"

"ఆంటీ లోపలికి రమ్మంటేనే వచ్చాను కిషన్‌రావు గారూ. మీరు ఇంకా బూట్లు విప్పలేదు."

అతను బూట్లు విప్పకుండానే వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. తెర మీద ఆగిపోయిన సీసానూ, బల్ల మీది పళ్లేన్నీ చూశాడు. పోలీసు బుర్ర కాబట్టి రెంటికీ ఉన్న ముడి తొందరగానే అందింది. అందగానే దాన్ని తెంపే పనిలో పడ్డాడు. తనకు చారు ఉప్పగా ఉంటే భార్యకు చప్పగా ఉంటుందనీ, నాలుక మాట ఏ కోర్టూ వినదనీ అన్నాడు. ఆ మాత్రలు వేసుకున్న వాళ్లందరికీ డ్రింకు చప్పగా అనిపించాలని రూలు ఉందా అని అడిగాడు. లేదని గిరిజ ఒప్పుకుంది. అందుకే తాను రుచి మీద ఆగిపోలేదనీ, డబ్బా దాకా వచ్చాననీ చెప్పింది.

"మరి ఈ మాత్రలు ఏ డబ్బాలకెల్లి వచ్చినయో చెప్పేటోళ్లెవరు?"

"ఆంటీ చెప్తారు."

అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడిన వినీత్ నెమ్మదిగా వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఒళ్లో పళ్లెం సర్ది, జారిన శాలువా భుజం మీదికి లాగాడు. ఎంతో మెత్తని మనిషి. షాపులో ముసలివాళ్లు అతని చేతి మందే కావాలంటారట.

"అమ్మా, ఆ తేడాగా ఉన్నవి నీ నిద్రమాత్రలే కదా? విమానంలో నిద్ర పట్టట్లేదంటే నేనే ఇచ్చాను. మర్చిపోయావా?"

ఇందిరాదేవి కొడుకు మొహంలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఎంతవరకు తగ్గిందో అని చూసినట్టు, అలా చూసింది. తరువాత కళ్లు దించుకుంది.

"అవును నాన్నా. నావే. నాకు ఈ మధ్య ఏదీ గుర్తుండటం లేదు."

కిషన్‌రావు గట్టిగా నవ్వలేదు గానీ మీసం కింద పెదవి కదిలింది. వినీత్ లేచి, బల్ల మీది పళ్లెం తీసుకున్నాడు. పాత మందులు ఇంట్లో ఉంచకూడదమ్మా, ఎన్నిసార్లు చెప్పాను అంటూ వంటింటి వైపు నడిచాడు. గిరిజ అడ్డం వెళ్లబోయింది. కిషన్‌రావు భుజం అడ్డం పెట్టాడు.

"ఇల్లు ఆయనది, మందులు ఆయన తల్లివి. నువ్వు చెయ్యేస్తే పోలీసులను నేనే పిలుస్త."

సింకులో నీళ్లు పడ్డాయి. చెత్త రుబ్బే మెషిన్ గరగరమంది. అది ఆగాక, వినీత్ తుడిచిన పళ్లెంతో గుమ్మంలోకి వచ్చి, టీవీ తెర మీది భార్య నవ్వు వంక కాసేపు చూశాడు.

"ప్రణీతకి ఆ ఊరంటే ప్రాణం," అన్నాడు. "చూడాలనుకున్నవన్నీ చూపించాను. ఒక్కటి కూడా వదల్లేదు. ఎంతమందికి ఉంటుంది చెప్పండి ఆ అదృష్టం?"

అతని గొంతులో వణుకు లేదు. గిరిజ ఎందరో హంతకులను చూసింది. చంపిన మనిషి గురించి ఇంత తృప్తిగా మాట్లాడినవాడిని చూడలేదు.

కిషన్‌రావు ఆమెను గేటు దాకా సాగనంపాడు. సాగనంపడం అంటే, వెళ్లిందో లేదో చూసుకోవడం. జాన్సన్‌విల్ గాలి ఇద్దరి మాటల్నీ ఎగరగొడుతోంది. కేసు లేదు, బాడీ లేదు, మాత్రలు లేవు, సాక్షి లేదు, పద్మకు ఫోన్ చేసి చెప్పేయమని అతను సలహా ఇచ్చాడు.

"మీరు పాతికేళ్లు పోలీసు ఉద్యోగం చేశారు. ఆయన అమాయకుడని మీకు నిజంగా అనిపిస్తోందా?"

"అనిపిచ్చుడు నా పని కాదు." అతను ఒక్క క్షణం తటపటాయించి, మాట తేల్చేయడానికన్నట్టు అన్నాడు. "మనిషి చెడ్డోడైతే తల్లినట్ల చూసుకుంటడా? పొద్దున కార్ల నన్నడుగుతుండు. మౌంట్ కుక్ కాడ కొండల్ల ముసలోళ్లకు గుండెనొప్పి వస్తే హెలికాప్టర్ ఎంతసేపట్ల వస్తదని. తీసుకపోతుండట ఆమెను. అంత జాగ్రత్త."

తన నోటి నుంచి వచ్చిన మాటను తనే విన్నట్టుగా కిషన్‌రావు ఆగిపోయాడు. రెండు డబ్బాల సంగతి చెప్పగలిగింది ఇక ఆ తల్లి ఒక్కతే. గిరిజ అతని మొహంలోకే చూస్తోంది. అతను చూపు తిప్పుకున్నాడు. తిప్పుకుని, ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఏది నిజమో తెలిశాక కూడా అతను ఎటు నిలబడతాడో గిరిజకు ఆ నడకలోనే తెలిసింది.

ఆమె కారు తలుపు తీస్తుండగా, ఇంటి పక్క సందులో చెత్త బుట్ట మూత చప్పుడైంది. ఇందిరాదేవి బీన్సు ఈనెలు పారేయడానికి వచ్చింది. కంచె పక్కగా రెండడుగులు ముందుకు వేసి, చెయ్యి చాపింది. గుప్పిట్లో చెమటకు తడిసిన తెల్లటి మాత్ర ఒకటి ఉంది. గీత లేదు.

"కారు చప్పుడుకి నువ్వు కిటికీ దగ్గరికి పోయావు చూడు, అప్పుడు తీసి బీన్సు కింద పెట్టాను."

"మరి లోపల ఎందుకలా అన్నారు ఆంటీ?"

"వాడి మొహం చూస్తూ చెప్పలేకపోయాను."

గిరిజ మాత్రను కవరులో వేసి మూసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇప్పుడే కారెక్కమంది. పద్మ దగ్గరికి పాపకూరకు పంపిస్తానంది. ఇందిరాదేవి తల అడ్డంగా తిప్పింది. టికెట్లు తెచ్చేశాడనీ, రేపు పొద్దున విమానంలో క్రైస్ట్‌చర్చ్ వెళ్లి అక్కడి నుంచి కారులో వెళతామనీ చెప్పింది. ప్రణీత చూసిన మంచుకొండను తల్లి చూడలేకపోయిందని అతనికి బాధగా ఉందట. అంతకంటే మంచిది చూపిస్తాడట.

"వెళ్లకండి. దేనికోసం తీసుకెళ్తున్నాడో మీకు తెలుసు."

"తెలుసు కాబట్టే వెళ్తున్నాను. రానంటే, నాకు తెలిసిపోయిందని వాడికి అర్థమవుతుంది. తెలిస్తే ఇవాళే పారిపోతాడు. నువ్వు ఆ మాత్ర పరీక్ష చేయించేదాకా వాణ్ణి నా పక్కనే ఉంచుకుంటాను." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "తొందరగా చేయించు అమ్మాయ్. రేపటికి రిపోర్టు వచ్చేస్తుంది కదా?"

లోపలి నుంచి వినీత్ పిలిచాడు. అన్నం పెట్టమని కాదు, చలికోటు సర్దాలి రమ్మని. వస్తున్నా నాన్నా అని ఇందిరాదేవి మామూలు గొంతుతో బదులిచ్చి, గిరిజ జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగింది.

ల్యాబ్ రిపోర్టు రావడానికి వారం పడుతుంది. గిరిజ ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేసరికి తలుపు మూసుకుంది.